తోలు సీటు, వాన, మాదిగ విద్య

సైకిల్ మన ఊళ్ళకు ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు, దానితో బతుకులు ఎట్లా మారాయి అనే చర్చ అప్పుడప్పుడూ జరుగుతుంది. ఆ చర్చలో హ్యాండిలు ఉంటుంది, చక్రం ఉంటుంది, ఫ్రీవీలు ఉంటుంది. సీటు ఉండదు. నిజానికి పాత సైకిల్లో ఒకప్పుడు ప్రాణమున్న శరీరం నుంచి వచ్చిన భాగం ముఖ్యంగా సీటే. అది తోలు. తోలు అన్నాక దాని వెనక చావుంది, వాసనుంది, లంద దగ్గర వంగిన మనిషి ఉన్నాడు. కాబట్టే మన చరిత్రకారులు ఆ సీటు మీద కూర్చున్నారు గాని దాని గురించి రాయలేదు.

ఈ వ్యాసంలో మేం ఒక చిన్న ప్రశ్న తీసుకుంటున్నాం. తోలు సీటుకు వాన దెబ్బ తగలకుండా ఎట్లా కాపాడాలి? ఇది సైకిలు ఉన్నోళ్ళ ఇబ్బంది లాగా కనబడుతుంది. కానీ ఈ ప్రశ్నకు జవాబు వెదికితే అది తిన్నగా మాదిగవాడకు పోతుంది. తోలుకూ నీళ్ళకూ ఉన్న తగువును తీర్చిన విద్య ఆ వాడది. ఆ విద్య తెలిసినవాడికి మాత్రం దొర గడీ ముందర ఆ సీటు మీద కూర్చుని పోయే హక్కు లేదు. ఈ రెండు సంగతులనూ విడివిడిగా రాస్తే ఒకటి కులవృత్తి కథ అవుతుంది, ఇంకొకటి అంటరానితనం కథ అవుతుంది. రెండూ ఒకే మనిషి కథ అని చెప్పటమే మా ఉద్దేశం.

మేం చూస్తున్న చోటు షంషాబాద్, దాని చుట్టుపక్కల ఊళ్ళు. పైగా ప్రభువుల్లోని షమ్సుల్ ఉమ్రా పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే తొవ్వ మీద ఉన్న ఊరు. ఇవాళ ఆ పేరు చెప్తే ఎవరికైనా విమానాలే గుర్తొస్తాయి. విమానం రాకముందు ఆ తొవ్వ మీద ఎడ్లబండ్లు, ఆ తర్వాత సైకిళ్ళు నడిచిన కాలం ఒకటుంది. ఆ బండ్ల పట్టెడలూ వార్లూ తోలువే, ఆ సైకిళ్ళ సీట్లూ తోలువే.

తోలుకూ నీళ్ళకూ తగువు

పచ్చి తోలు నీళ్ళలో ఉంటే కుళ్ళుతుంది. ఎండితే చెక్కలాగా బిర్రబిగుస్తుంది. ఈ రెండు గుణాలనూ మార్చి, తడిసినా కుళ్ళకుండా, ఎండినా విరగకుండా చేసే పనిని తోలు ఊనటం అంటారు. పదును చేయటం అని కూడా అంటారు. ఆధునిక శాస్త్రం మాటల్లో చెప్పాలంటే, చర్మంలో కొల్లాజెన్ అనే పోగులుంటాయి. చెట్టు చెక్కలో ఉండే టానిన్ ఆ పోగులను పట్టుకుని ఒకదానితో ఒకటి కలిపి కట్టేస్తుంది. ఇక సూక్ష్మజీవులు వాటిని తినలేవు. ఈ మాటలు పుస్తకాల్లోకి రాకముందే ఆ పని ఊరి చివర లందలో జరుగుతున్నది.

లంద పని ఒక్క రోజు పని కాదు. ముందు తోలును కడిగి నానబెట్టాలి. సున్నం నీళ్ళలో వేసి వెంట్రుకలు వదులయ్యేదాకా ఉంచాలి. వెంట్రుకలు తీసి, లోపలివైపున్న మాంసపు పొరను గీకాలి. సున్నం పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. సున్నం మిగిలితే తోలు పెళుసైపోతుంది. ఆ తర్వాత తంగేడు చెక్కనో తుమ్మ చెక్కనో దంచి వేసిన నీళ్ళలో వేయాలి. మొదట పలచటి నీళ్ళు, తర్వాత చిక్కటి నీళ్ళు. మొదటే చిక్కటి నీళ్ళలో వేస్తే పైపొర మాత్రమే పట్టి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. కొన్నిచోట్ల తోలును సంచిలాగా కుట్టి, లోపల చెక్క నీళ్ళు నింపి, కొయ్యకు వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. నీళ్ళు నెమ్మదిగా తోలు గుండా ఊరుతూ దిగుతాయి, కిందికి కారినవాటిని మళ్ళీ పైన పోస్తారు.

తంగేడు చెక్కలో టానిన్ పదిహేను నుంచి ఇరవై శాతం దాకా ఉంటుంది. కానీ తంగేడుతో ఊనిన తోలుకు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. అది ఆపటానికి చివర కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. ఆ తర్వాత నూనె పట్టిస్తారు. కానుగ నూనె, ఆముదం, నువ్వుల నూనె, కొవ్వు, ఆయా చోట ఏది దొరికితే అది. వానకు అసలు అడ్డు ఈ నూనే. నూనె పోగుల మధ్య చేరి నీళ్ళకు చోటు లేకుండా చేస్తుంది. ఆముదం తాగిన కిర్రు చెప్పులు బురద పొలంలో తిరిగినా త్వరగా పాడుకాకపోవటానికి కారణం ఇదే.

తంగేడు గురించి ఒక మాట చెప్పుకోవాలి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పం చేశారు. బతుకమ్మలో అది లేనిదే పేర్పు లేదు. మంచిదే. కానీ ఆ చెట్టు చెక్క తరతరాలుగా ఏ పనికొచ్చిందో పాఠ్యపుస్తకం చెప్పదు. పువ్వుకు గౌరవం దక్కింది. చెక్క దంచిన చేతికి మాత్రం దక్కలేదు.

ఈ విద్యను తెల్లవాళ్ళు గుర్తించారు. గుర్తించింది మాత్రం తమ అవసరం కోసం. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1904లో మద్రాసు ప్రెసిడెన్సీలో తోళ్ళు ఊనే పని మీద ఒక ప్రత్యేక గ్రంథం రాశాడు. తంగేడుతో ఊనిన మద్రాసు తోళ్ళు లండన్ మార్కెట్‌కు పోయేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914-18 మధ్య, బ్రిటిష్ సైన్యం బూట్ల పైభాగాలకు ఈ తోలే కావాల్సి వచ్చింది. నైజాం రాజ్యంలో సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో కులాల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు, అందులో మాదిగలున్నారు. ఒక పుస్తకంలో విద్య ఉంది, ఇంకో పుస్తకంలో కులం ఉంది. ఈ కులం ఈ విద్యకు కర్త అని, వీళ్ళు పనివాళ్ళే కాదు తెలిసినవాళ్ళు అని చెప్పే పుస్తకం కోసం మనం చాలాకాలం ఆగాల్సి వచ్చింది. కంచ ఐలయ్య 'నేను హిందువునెట్లయిత' ఇంగ్లీషులో 1996లో వచ్చాక ఉత్పత్తి కులాల పనిలో జ్ఞానం ఉందనే మాట చర్చకు గట్టిగా వచ్చింది.

మోట, డప్పు, చెప్పు

సైకిల్ సీటు ఊళ్ళోకి వచ్చేనాటికే మాదిగవాడకు తోలును నీళ్ళ నుంచి కాపాడటంలో మూడు రకాల అనుభవం ఉంది. మూడూ వేరువేరు సమస్యలు. అందుకే ఇది గుడ్డి అలవాటు కాదు, ఆలోచన అని మేం అంటున్నాం.

మొదటిది మోట. బావి నుంచి నీళ్ళు తోడే బొక్కెన, దానికి తొండం. అది రోజంతా నీళ్ళలో మునిగి తేలుతుంది, బరువు మోస్తుంది, రాత్రి ఎండుతుంది. తెల్లారి మళ్ళీ మునుగుతుంది. ఒక్క కుట్టు వదిలినా నీళ్ళు పొలానికి చేరవు. కుట్టు పడే చోట తోలును తోలుతోనే కుట్టి, నూనె పట్టించి, చినిగితే అతుకు వేసి నడిపించేవాళ్ళు. బావి కింద సేద్యం ఉన్న ప్రతి రైతు పంటా ఆ కుట్టు మీద ఆధారపడింది. కరెంటు మోటార్లు, ఆయిల్ ఇంజన్లు వచ్చేదాకా ఇదే కథ.

రెండోది డప్పు. డప్పు తోలు ఊనిన తోలు కాదు. వెంట్రుక తీసి, గీకి, చింతగింజల జిగురుతో చెక్క పలకకు బిగించిన పచ్చి తోలు. గాలిలో తేమ ఉంటే అది వదులవుతుంది, మోత పడిపోతుంది. కాబట్టి మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. ఎంత దూరంలో పట్టాలి, ఎంతసేపు తిప్పాలి అనేది చేతికీ చెవికీ తెలియాలి. ఎక్కువ కాస్తే తోలు పగులుతుంది.

మూడోది చెప్పు. దాన్ని మంట దగ్గర పెడితే పనికి రాకుండా పోతుంది. చెక్కతో ఊనిన తోలు తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే పోగులు ముడుచుకుపోతాయి, తోలు గట్టిపడి పెళుసవుతుంది. అది మళ్ళీ మామూలు కాదు. కాబట్టి చెప్పును నీడలో, గాలిలో ఆరబెట్టి, పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి. డప్పుకు మంట, చెప్పుకు నీడ. ఒకే ఇంట్లో రెండు తోళ్ళకు రెండు వైద్యాలు. ఏ తోలు ఏ స్థితిలో ఎట్లా నడుచుకుంటుందో తెలిసినవాడే ఇట్లా చేయగలడు.

ఈ పని అంతటికీ దక్కిందేమిటి? నైజాం తెలంగాణలో రైతులు పంటకాలంలో ఇంత గింజ ఇచ్చేవాళ్ళు. దొరకు, దేశ్‌ముఖ్‌కు మాత్రం చెప్పులు, వార్లు, చెర్నకోలలు, మోట సామాను ఉత్తగా చేసిపెట్టాలి. అది వెట్టి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ వెట్టి ప్రస్తావన స్పష్టంగా ఉంది. 1946-51 పోరాటం వెట్టి మీద దెబ్బ కొట్టింది, దాన్ని తక్కువ చేయటం లేదు. అయితే వామపక్ష చరిత్ర వెట్టిని చూసింది గాని విద్యను చూడలేదు. మాదిగను దోపిడీకి గురైనవాడిగా రాసింది, తోలు శాస్త్రం తెలిసినవాడిగా రాయలేదు. దోపిడీ అయ్యింది చేతుల కష్టం ఒక్కటే కాదు, బుర్రలో ఉన్న తెలివి కూడా.

సైకిలొచ్చింది

ఇప్పుడు మనం చూసే రూపంలో సైకిల్ 1885లో ఇంగ్లండ్‌లో స్థిరపడింది. బర్మింగ్‌హామ్‌లో జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో తోలు వ్యాపారం పెట్టి, 1882లో సైకిల్ సీటుకు పేటెంట్ తీసుకున్నాడు. గుర్రపు జీను కుట్టే తోలుపని నుంచే సైకిల్ సీటు పుట్టింది. మన దగ్గరకు రాలీ, హంబర్, బీఎస్ఏ, హెర్క్యులిస్ లాంటి సీమ సైకిళ్ళు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే తయారయ్యాయి. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. మద్రాసులో సీట్ల కోసమే రైట్ శాడిల్స్ అనే కంపెనీ నడిచింది.

ఆ సీటు కట్టుబాటు అర్థమైతేనే వాన సంగతి అర్థమవుతుంది. అందులో మెత్త ఉండదు. ముందు ముక్కు దగ్గరా వెనక ఇనుప పట్టీ దగ్గరా రివిట్లు కొట్టి, మధ్యలో మందపాటి తోలును బిగించి లాగుతారు. నవారు మంచంలాగా మనిషి బరువంతా ఆ తోలే మోస్తుంది. పొడిగా ఉన్నంతకాలం అది వాడినవాడి శరీరానికి తగ్గట్టు మెల్లగా అమరుతుంది. వానలో నానితే పోగులు వదులవుతాయి. ఆ తడి మీదనే కూర్చుని తొక్కితే తోలు సాగి మధ్యలో కుంగుతుంది. ఎండాక కూడా ఆ కుంగు పోదు. ఇంకో తంటా, టానిన్‌కు ఇనుము తగిలితే నల్ల మరక పడుతుంది. కరక్కాయతో, ఇనుముతో మనవాళ్ళు నల్లరంగు చేసుకున్నది ఈ గుణంతోనే. తడిసిన సీటు మీద రివిట్ల చుట్టూ నల్లబడేది అందుకే.

షంషాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. కూలికీ ఫ్యాక్టరీకీ బడికీ సైకిల్ మీద నగరానికి వచ్చిపోయేవాళ్ళకు ఆ నాలుగు నెలల్లో బండి కంటే సీటు బాధ ఎక్కువ. దానికి వాళ్ళు చేసుకున్న ఉపాయాలు ఇవాళ్టికీ పనికొచ్చేవే. అవి ఎందుకు పనిచేస్తాయో కలిపి చెప్తాం.

వాన రాకముందే సీటుకు నూనెగాని కొవ్వుగాని పలచగా రాయాలి. పైన కొద్దిగా, కింద ఎక్కువగా. సీటు పైభాగం నున్నగా మెరుగుపెట్టి ఉంటుంది, నీళ్ళు కొంత జారిపోతాయి. అడుగుభాగం గరుకు, అక్కడ తోలు నీళ్ళను పీల్చుకుంటుంది. చాలామంది పైనుంచి పడే వాననే చూస్తారు గాని, వెనక చక్రం ఎగజిమ్మే నీళ్ళు అడుగు నుంచి తగులుతాయి. మడ్‌గార్డు లేని సైకిల్ సీటు తొందరగా చెడిపోయేది అందుకే. నూనె మరీ ఎక్కువైతే తోలు మెత్తబడి వాన లేకుండానే కుంగుతుంది. కాబట్టి అతి పనికిరాదు.

సైకిల్ ఆపినప్పుడు ప్లాస్టిక్ సంచి తొడగాలి. కానీ వాన ఆగగానే తీసెయ్యాలి. లేకుంటే లోపలి తేమకు బూజు పడుతుంది. తడిసిన సీటు మీద కూర్చోకూడదు, తప్పకపోతే నిలబడి తొక్కాలి. పొయ్యి దగ్గరగాని, ఎర్రటి ఎండలోగాని పెట్టకుండా నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. ఆరాక మళ్ళీ పలచగా నూనె. కుంగినట్లనిపిస్తే ముక్కు కింద ఉండే మర కొద్దిగా బిగించాలి, తోలు పూర్తిగా ఎండాకనే. ఈ మాటలన్నీ మళ్ళీ చదవండి. మోట కుట్టు, చెప్పు నీడ, కిర్రు చెప్పుల ఆముదం, అవే ఇవి. సీటు సీమ నుంచి వచ్చింది. దాన్ని బతికించే తెలివి సీమ నుంచి రావలసిన అవసరం లేకపోయింది, అది మాదిగవాడలో ముందే ఉంది. సీటు చినిగితే ఆరె, రంపె పట్టుకున్న చెయ్యే దిక్కయింది.

కూర్చునే హక్కు

తోలు ముట్టుకున్నవాడు అంటరానివాడు. కానీ ఊనిన తోలు అంటరానిది కాలేదు. దొర దాని మీద కూర్చున్నాడు, పట్వారీ కూర్చున్నాడు, బడిపంతులు కూర్చున్నాడు. స్నానం చేసి మడి కట్టుకున్నవాడు కూడా తోలు సీటు మీద బజారుకు పోయాడు. మైల తోలులో లేదని, కులవ్యవస్థ దాన్ని మనిషి మీద మోపిందని చెప్పటానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కూర్చోవటం అనేది మన సమాజంలో చిన్న విషయం కాదు. పై వర్ణంవాడితో సమంగా ఒకే ఆసనం మీద కూర్చోబోయిన కింది కులంవాడికి నడుము మీద వాత పెట్టి వెళ్ళగొట్టాలని, లేదా పిరుదు కోయించాలని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం 281వ శ్లోకం శిక్ష చెప్పింది. డాక్టర్ అంబేద్కర్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది ఊరికే కాదు. పుస్తకం కాలింది, అలవాటు కాలలేదు. మన ఊళ్ళల్లో మాదిగ, మాల పిల్లవాడు సైకిల్ మీద వస్తే దొర వాకిలి ముందు దిగి, నడిపించుకుంటూ పోయి, ఆ వాకిలి దాటాక మళ్ళీ ఎక్కాలి. చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. ఆ చెప్పులు కుట్టింది అతని నాయనే. సైకిల్ సీటు వానకు తడుస్తుందేమోనని జాగ్రత్తపడిన ఊరు, ఆ సీటు మీద ఈ పిల్లవాడు కూర్చుంటాడేమోనని అంతకన్నా ఎక్కువ జాగ్రత్తపడింది.

ఇది పాతకాలం ముచ్చట అనేవాళ్ళున్నారు. 1991లో చుండూరు నరమేధానికి ముందు జరిగిన గొడవ సినిమాహాల్లో మొదలయింది. ముందు సీట్లో ఉన్న అగ్రకుల యువకుడికి దళిత యువకుడి కాలు తగలటం దగ్గర. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఇక చట్టం ఏం చెప్తుందో చూడండి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులోకొచ్చింది. దళితులు, ఆదివాసులు బహిరంగ స్థలాల్లో సైకిల్ గాని మోటారు సైకిల్ గాని ఎక్కకుండా, చెప్పులు గాని కొత్తబట్టలు గాని వేసుకోకుండా అడ్డుకోవటం నేరమని అందులో పేరుపెట్టి రాశారు. రాజ్యాంగం వచ్చిన 66 ఏళ్ళకు పార్లమెంటు ఈ మాట చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఆ అలవాటు చచ్చిపోలేదనే గదా అర్థం. సైకిలూ చెప్పులూ ఒకే వాక్యంలో పక్కపక్కనే ఉన్నాయి. తోలు చరిత్రను మన విశ్వవిద్యాలయాల కంటే ఆ ఒక్క వాక్యం బాగా చెప్పింది.

రెక్సిను, ప్లాస్టిక్, పోయిన పని

రెక్సిను వచ్చింది, స్పాంజి వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. సైకిల్ సీటుకు వాన బాధ తీరింది. ఊనటంలోనూ తంగేడు చెక్క స్థానంలోకి దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగింది, ఆ పైన క్రోమియం ఉప్పులు వచ్చాయి. మోటార్లతో మోట పోయింది. రబ్బరు చెప్పులతో కిర్రు చెప్పులు పోయాయి. లంద ఎండిపోయింది. తోళ్ళ వ్యాపారం పెద్ద పెట్టుబడుల చేతికి పోయింది. మాదిగ ఆరె, రంపె పట్టుకుని బస్టాండు మూలకు చేరాడు, లేదంటే కూలికి పోయాడు.

ఈ పోవటాన్ని ఎట్లా చూడాలి? ఇక్కడ మనలో మనకే రెండు అభిప్రాయాలున్నాయి. అంబేద్కర్ చచ్చిన గొడ్డును మోసే పని మానెయ్యమన్నాడు. కులం అంటే పని విభజన కాదు, పనివాళ్ళ విభజన అన్నాడు. ఆ మాట విని లంద వదిలి బడికి పోయిన తరమే మన ఉపాధ్యాయులు, ఉద్యోగులు, ఈ పత్రిక చదివేవాళ్ళు. వాళ్ళను మళ్ళీ సున్నం గుంతలోకి దిగమని మేం చెప్పటం లేదు. కులవృత్తిని కాపాడాలని పైనుంచి ఉపదేశమిచ్చేవాళ్ళతో మాకు పొత్తు లేదు. పని మానుకోవటం విముక్తే. కానీ పనితోపాటు, ఆ పని కనిపెట్టిన తెలివి మనదే అన్న హక్కును కూడా వదులుకోవాల్సిన అవసరం ఎక్కడిది? బ్రాహ్మడు పౌరోహిత్యం మానేసి అమెరికా పోయినా వేదం తనది కాదనడు.

పైగా ఆ పని చేసేవాళ్ళ మీద దెబ్బలు ఆగలేదు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. అక్కడి దళితులు కళేబరాలను తెచ్చి సర్కారు ఆఫీసుల ముందు వేశారు, మేం ఎత్తం, మీరే ఎత్తుకోండి అన్నారు. అదే ఏడాది ఆగస్టులో మన అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న మాదిగలను అట్లాగే కొట్టారు. చేస్తే కొడతారు, చేయకపోతే ఆకలి. ఈ రెండింటి మధ్య మాదిగను నిలబెట్టిన సమాజానికి తోలు బ్యాగు, తోలు బెల్టు, తోలు బూటు మాత్రం కావాలి.

సర్కారు ఏమీ చేయలేదని కాదు. 1973లో తోళ్ళ పరిశ్రమ అభివృద్ధి సంస్థ, లిడ్‌క్యాప్, ఏర్పడింది. శిక్షణ, షెడ్లు, మార్కెట్ అన్నారు. ఆ సంస్థకు ఇచ్చిన భూములు అసలు పనికే వాడాలని మాదిగ సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం వర్గీకరణతోపాటు పేరు చివర మాదిగ అని రాసుకునే ధైర్యాన్నిచ్చింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న వర్గీకరణకు దారి తెరిచింది, తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకొచ్చింది. పేరు తిరిగి వచ్చింది, వాటా వచ్చింది. విద్య మీద హక్కు ఇంకా రావాల్సి ఉంది.

విమానం దిగిన నేల

ఇక షంషాబాద్‌కు వద్దాం. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 ఊళ్ళలో కాలుష్య పరిశ్రమలను ఆపింది. అందులో షంషాబాద్ మండలం ఊళ్ళూ ఉన్నాయి. నగరం తాగే నీళ్ళు కాపాడాల్సిందే. కానీ ఆ నిబంధన కింద తోళ్ళ పని పెరిగే దారి మూతపడ్డప్పుడు, ఆ పని తెలిసినవాళ్ళకు బదులుగా ఏమిస్తారనే ప్రశ్నను పెద్దగా ఎవరూ వేయలేదు. ఆ తర్వాత విమానాశ్రయం వచ్చింది. 2005లో శంకుస్థాపన, 2008 మార్చిలో ప్రారంభం. మామిడిపల్లి, గొల్లపల్లి లాంటి ఊళ్ళ నేల కలిపి సుమారు 5,500 ఎకరాలు పోయింది. తరాలుగా నేల లేని కులాలకు ఎకరం ధర కోట్లకు పోతే ఒరిగేదేముంది? అమ్ముకోవటానికి భూమి ఉన్నవాడికే ధర. కూలి చేసుకున్న చేను పోతే కూలి పోతుంది, పరిహారం పట్టా ఉన్నవాడికి పోతుంది.

రోడ్ల సంగతి చూడండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు. దాని మీద సైకిల్‌కు ప్రవేశం లేదు. షంషాబాద్‌ను ఆనుకుని పోయే ఔటర్ రింగ్ రోడ్డు మీదా లేదు. ఒకప్పుడు దొర వాకిలి ముందు సైకిల్ దిగమన్నారు. ఇప్పుడు రోడ్డు మీదికే రావద్దంటున్నారు. రెండూ ఒకటి కావు. మొదటిది కులం చేసిన అవమానం, రెండోది వేగం కోసం అందరికీ పెట్టిన నిబంధన. కానీ ఇవాళ సైకిల్ మీద పనికి పోయేవాళ్ళెవరో లెక్కేస్తే, ఆ నిబంధన ఎవరి మీద ఎక్కువగా పడుతుందో తెలుస్తుంది.

ఈ కథలో చివరి మలుపు 2023 అక్టోబర్ 1న వచ్చింది. ఆ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. దాని ఒక కొస షంషాబాద్‌కు దగ్గరగా, పోలీసు అకాడమీ దగ్గర ఉంటుంది. ఆ దారి మీద 16 మెగావాట్ల సౌరఫలకాలతో పైకప్పు వేశారు. ఎండ తగలదు, వాన తగలదు. మంచి పని, వద్దనం. సైకిల్ సీటు తడవకుండా కిలోమీటర్ల పొడవున కప్పు వేయగల సర్కారు మనకుందని దానితో రుజువైంది. అదే నగరంలో బస్టాండు మూలన, ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టే మనిషి నెత్తి మీద చినిగిన గొడుగే ఉంది. వాన పడితే అతని తోలు ముక్కలు తడుస్తాయి, అతనూ తడుస్తాడు, ఆనాటి కూలి పోతుంది. డబ్బు లేక కాదు, ఎవరిని తడవనివ్వవచ్చో ముందే తేల్చుకున్న సమాజం ఇది.

కాబట్టి మేం కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాం. రోడ్డు పక్క చెప్పులు కుట్టేవాళ్ళకు నిలకడైన కప్పు, కూర్చునే చోటు, లైసెన్సు ఇవ్వాలని మున్సిపాలిటీలను కార్యకర్తలు అడగాలి. షంషాబాద్ విమానాశ్రయంలోని దుకాణాల్లో తోలు సామాను అమ్మే చోట, మాదిగ సహకార సంఘాలకు వాటా అడగాలి. లిడ్‌క్యాప్ భూముల లెక్క బయటపెట్టించాలి. ఉపాధ్యాయులు రసాయనశాస్త్రంలో కొల్లాజెన్, టానిన్ పాఠం చెప్పేటప్పుడు లంద పేరు, తంగేడు చెక్క పేరు, మాదిగ పేరు చెప్పాలి. సిలబస్ మారేదాకా ఆగనవసరం లేదు.

విద్యార్థులకు ఒక పని. లంద చూసిన ముసలోళ్ళు, ముసలమ్మలు వాడల్లో ఇంకా ఉన్నారు. తోలు గీకిందీ చెక్క దంచిందీ మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ చేశారు. వాళ్ళ దగ్గర కూర్చోండి. ఆరె, రంపె, గూటం, తొండం, వారు, ఒక్కో సామాను పేరు, దాని కొలత, దాని పని రాసుకోండి. ఏ నూనె ఎప్పుడు రాసేవాళ్ళు, వానాకాలంలో లందను ఎట్లా కప్పేవాళ్ళు, చెడిపోయిన తోలును ఎట్లా గుర్తుపట్టేవాళ్ళు అని అడగండి. వాళ్ళు పోతే ఈ మాటలు ఏ గ్రంథాలయంలోనూ దొరకవు. రాసుకున్నది వాడలోనే ఒకసారి చదివి వినిపించండి, తప్పులుంటే వాళ్ళే దిద్దుతారు.